భయపడ్డవాళ్ళ మాట

భయపడ్డవాళ్ళ మాట చెల్లదని ఈ జిల్లాకి నేర్పింది నేనే. అందుకు నాకు శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఢిల్లీ పిలిచి పతకం ఇచ్చారు. శాలువాలన్నీ బీరువాలో మడతపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇప్పుడు ఆ బీరువా తెరవాలంటేనే నాకు సిగ్గుగా ఉంటుంది.

నా పేరు వీరవేణి. తుపాను రోజు మధ్యాహ్నం రెండున్నరకి వలసమెరక కంట్రోలు రూములో, గోడంత తెర ముందు నిలబడి ఉన్నాను. నా పక్కన కలెక్టరు ఋత్విజ గారు. చిన్న వయసు, ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు కాలేదు. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఎంతయింది మేడం?" అంది.

"తలుపులు ఎత్తమన్నవాళ్ళు పదహారు వేల నాలుగొందలు."

"హమ్మయ్య. సగం దాటేసింది కదా!"

"చెల్లినవి మూడొందల పన్నెండు," అన్నాను.

తలుపులంటే వలసమెరక డ్రెయిను సముద్రంలో కలిసేచోట ఉన్న ఎనిమిది ఇనప తలుపులు. సముద్రం పోటు పైకి తన్నకుండా ముందురోజే దించేశాం. కానీ పద్నాలుగు ఊళ్ళ వాననీళ్ళకి వేరే దారి లేదు. రెండు రోజుల వాన డ్రెయినులో నిలబడిపోయి వలసమెరక గట్టుని నెడుతోంది. గట్టు తెగితే పట్నంలో తొమ్మిది వేలమంది, పెద్దాసుపత్రి, అందులో మంచాల మీదున్నవాళ్ళు నీళ్ళ కింద ఉంటారు. తలుపులెత్తితే దిగువన ఇసుకమేట మునుగుతుంది. తొంభై గడపల ఊరు. మా అన్నయ్య ఊరు.

ఆ తలుపులు ఎత్తాలంటే డ్రెయిను కింద బతికే ఇరవై ఒక్క వేలమందిలో సగంమంది 'సరే' అనాలి. కలెక్టరు చెప్తే లేవవు, మంత్రి చెప్తే లేవవు, తయారుచేసిన నేను చెప్పినా లేవవు. అలా ఉండాలనే ఆరేళ్ళ కిందట పట్టుబట్టి చేయించుకున్నాను.

"అందరూ భయపడుతున్నారండీ. చేతికున్న కడియం వాళ్ళ మాట తీసుకోవడం లేదు."

"తుపానులో భయపడక ఏం చేస్తారు మేడం?" అంది ఋత్విజ గారు.

ఎనిమిదేళ్ళ పరిశోధనలో మా ల్యాబులో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది. నలుగురు డాక్టరేట్లున్న ల్యాబు. మనుషుల్ని ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి, బెదిరించి, చేతి నాడి చూసి, చెమట చూసి, ఒత్తిడితో చెప్పిన మాటకీ ఇష్టంతో చెప్పిన మాటకీ తేడా పట్టుకున్నాం. ఊరు ఊరంతా ఒక్కసారే భయపడితే ఏమవుతుందో చూడాలని మాలో ఎవరికీ బుద్ధి పుట్టలేదు.

అసలు నాకా ఆలోచన వచ్చింది మా అమ్మని చూసి. నాకు పదేళ్ళప్పుడు గ్రామసభలో రొయ్యల చెరువులకి ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ముందు వరసలో చెరువులాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి వణుకుతోంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఆ వణుకు చూశాను. సభ రాసుకున్నవాళ్ళకి చెయ్యే కనిపించింది. మూడేళ్ళలో మా ఊరి మంచినీళ్ళు ఉప్పగా అయిపోయాయి.

అందుకే కడియం. చేతికి వేసుకుంటే చాలు, నెట్‌వర్కులో ఏ ప్రశ్న వచ్చినా ఇంట్లో కూర్చుని మాట చెప్పొచ్చు. ఎవరైనా మీద నిలబడి బలవంతంగా చెప్పిస్తే ఆ మాట పడదు. నాయకులకీ అంతే. సభలో ఎవరు మాట్లాడినా పేరు పక్కన దీపం వెలుగుతుంది. నిబ్బరంగా మాట్లాడితే పచ్చది, బెదురుతో మాట్లాడితే ఎర్రది. ఆ ఎర్రదీపానికి జడిసి ఎంతమంది పెద్దమనుషులు మైకు వదిలేశారో లెక్కలేదు. దీనికి 'సమ్మతి' అని పేరు పెట్టాం. మొదటి రెండేళ్ళూ పండగలాగే ఉండేది. రోడ్లు పడ్డాయి, ఆసుపత్రిలో మందులు దొరికాయి, ఆఫీసుల్లో మాట్లాడే ప్రతి ముక్కా బయటికి వినిపించేది.

మూడో ఏడు అన్నయ్య దొరికిపోయాడు.

అన్నయ్య పేరు నూకరాజు. ఆ తలుపుల దగ్గర ముప్పై ఏళ్ళు లస్కరు. నీళ్ళు చూసుకోవడం, తలుపులు ఎత్తడం, దించడం అతని పని. డ్రెయిను వివరాలన్నీ జనం ముందు తెరిచి పెట్టగానే, ఎవరూ ఒప్పుకోకుండానే తలుపు జానెడు లేచిన రోజులు ఒక్క ఏడాదిలో ఇరవైమూడు బయటపడ్డాయి. రొయ్యల చెరువులకి దొంగతనంగా నీళ్ళు వదులుతున్నాడని గోల పుట్టింది. సభలో ఎవరో అడిగారు, "ఆ లస్కరు మీ అన్నయ్యేనటగా మేడం?" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వాళ్ళని కూడా వదలనని చూపించుకోవాలనిపించింది. మర్నాడే అతన్ని తీసేసే కాగితం మీద సంతకం పెట్టాను. తలుపులెత్తే చేతి హ్యాండిళ్ళు ఊడబీకించాను. ఇకమీదట ఎత్తితే పూర్తిగా ఎత్తాలి, లేకపోతే లేదు, మధ్యలో జానెళ్ళూ బెత్తెళ్ళూ కుదరవని నిబంధన రాయించాను.

అన్నయ్య ఆఫీసుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"జానెడెత్తింది మీ తెర మీద కనబడింది గానీ, ఎందుకెత్తేనో కనబళ్ళేదా అమ్మా?" అన్నాడు. "వానాకాలం తలుపులు ఎత్తే ముందు జానెడెత్తి ఆగుతాను. నీళ్ళు రేవులో మొదటి మెట్టుకి తగిల్తే మావోళ్ళకి తెలిసిపోద్ది. పిల్లల్నీ మేకల్నీ ఎత్తుకుని పడవెక్కేత్తారు. అప్పుడు మిగతాది ఎత్తుతాను. మా మావ నాకదే నేర్పేడు."

"మరి ఆ సంగతి సభలో చెప్పొచ్చుగా అన్నయ్యా!"

"అంతమంది ముందు నాకు మాటొత్తాదా? ఎర్రదీపం ఎలుగుద్ది," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ తరవాత కూడా తలుపుల దగ్గరకి రోజూ వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేవాడట. జీతం లేదు, పని లేదు, అయినా వెళ్ళేవాడు.

తుపాను రోజున ఇసుకమేటలో టవరు పడిపోయింది. అక్కడి కడియాలన్నీ నెట్‌వర్కు నుంచి తెగిపోయాయి. మిగిలింది ఒక్క వైర్‌లెస్ సెట్టు, అది అన్నయ్య దగ్గరుంది. ఆ సెట్టులో మాట్లాడింది పద్నాలుగు ఊళ్ళకీ వినిపిస్తుంది. దాపరికం ఉండకూడదని నేను పెట్టిన ఏర్పాటే అదీను.

రెండూ నలభైకి సెట్టు పలికింది.

"వేణమ్మా, ఇనబడతందా? ఊరంతా అవతల గట్టు మీద షెల్టరుకి దాటించేసేం. ఇంకా ముప్పై ఒక్కమందున్నాం. ముసలోళ్ళు, మీ వదిన, నేను. మావూరి చక్రం కూతురికి నొప్పులొత్తన్నాయి. కదిపితే కష్టవని మంత్రసాని అంటంది. గంటలో తేలిపోద్దంట. గంట ఇయ్యమ్మా. అప్పుడెత్తుకోండి."

నేను తెర చూశాను. నీళ్ళు మెల్లగా పెరుగుతున్నాయి. గంట దొరుకుతుందనే అనిపించింది.

"సరే అన్నయ్యా. గంట," అన్నాను.

"అదీ. మా చెల్లి మాటంటే మాటే," అని అక్కడున్నవాళ్ళతో అంటున్నాడు. సెట్టు కట్టేయకుండానే అన్నాడు.

ఆ సంభాషణ జిల్లా అంతా విన్నది. తెర మీద చెల్లిన మాటలు మూడొందల పన్నెండు నుంచి నూట తొంభైకి పడిపోయాయి. పురిటి నొప్పులు పడుతున్న పిల్ల మీదికి నీళ్ళు వదలమని నిబ్బరంగా ఎవరు చెప్పగలరు? ఇటు తాము మునుగుతామన్న భయం, అటు వాళ్ళని ముంచుతామన్న భయం. జనం రెండు వైపుల నుంచీ నలిగిపోతున్నారు.

మూడు నిమిషాలు తిరక్కుండా ఇమ్మానుయేలు ఫోను చేశాడు. నా దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న ఇంజనీరు. గట్టు మీదున్నాడు. అతను అరిచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మేడం, గట్టు అడుగునుంచి నీళ్ళు ఊరుతున్నాయి. మట్టి రంగులో వస్తున్నాయి. ఇసక బస్తాలు ఆగట్లేదు. నలభై నిమిషాలు. అంతకంటే ఒక్క నిమిషం కూడా నేను పూచీ పడలేను."

ఋత్విజ గారు కుర్చీలో కూలబడింది. "ఆసుపత్రిలో నాలుగొందలమందిని నలభై నిమిషాల్లో ఏ మేడ ఎక్కించను? ఏదైనా చెయ్యండి మేడం. మీరు చేసిందే కదా, మీకు తెలీని కిటుకు ఉంటుందా!"

కిటుకు లేదు. కిటుకు లేకుండా చెయ్యడమే నా గొప్ప. జనం భయం పోతేనే వాళ్ళ మాట పడుతుంది. వాన ఆపలేను, గట్టు ఆపలేను. రెండో భయం మాత్రం తీయగలను. ఇసుకమేటలో ఎవరూ లేరని చెప్తే అది తీరిపోతుంది, చాలామందికి నిబ్బరం వస్తుంది.

అన్నయ్యకి ముందు చెప్పాలి అనుకున్నాను. గంట లేదు, వెంటనే దాటమని చెప్పాలి. కానీ సెట్టులో చెప్తే అందరూ వింటారు. ఇంకా అక్కడ మనుషులున్నారని మళ్ళీ గుర్తుచేసినట్టవుతుంది. ఉన్న నూట తొంభై కూడా పోతాయి. తొమ్మిది వేలమంది ఒకవైపు, ముప్పై ఒక్కమంది ఒకవైపు. ఎక్కాలు చదువుకున్న బుర్ర కదా, వెంటనే తేల్చేసింది. నిజం తట్టుకునే శక్తి జనానికి లేదని, ఆ మధ్యాహ్నం, వాళ్ళని ఒక్క మాటైనా అడక్కుండా నేనే నిర్ణయించేశాను.

ఆ మొత్తం వ్యవస్థలో నేను ఒంటరిగా చేయగలిగిన పని ఒక్కటే ఉంది. ఏ సెట్టునైనా 'మరమ్మతులో ఉంది' అని ఆపేయొచ్చు. ఇసుకమేట సెట్టు ఆపేశాను. ఆరేళ్ళలో మేం మూసిన మొదటి గొంతు అది.

తరవాత సభ తెరిచి మైకు ముందు నిలబడ్డాను. నా పేరు పక్కన ఎర్రదీపం వెలిగింది. వెలగదా మరి! ఎర్రదీపంతో చెప్తే ఎవరూ నమ్మరు. ఇరవై ఒక్క వేలమందీ నా మొహం చూస్తూ కూర్చున్నారు.

కళ్ళు మూసుకున్నాను. నాకు ఏడేళ్ళు. డ్రెయిను మొల లోతు నీళ్ళతో పారుతోంది. అన్నయ్య నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని బడికి దాటిస్తున్నాడు. నా పలక వాడి నెత్తి మీద పెట్టి పట్టుకున్నాను. కాలికింద బురద జారుతున్నా వాడు ఏదో పాట అంటూనే ఉన్నాడు. నాకు భయమేమీ లేదు. వాడి మీద కూర్చున్నప్పుడు నాకెప్పుడూ భయం లేదు.

కళ్ళు తెరిచేసరికి దీపం పచ్చగా ఉంది.

"అందరికీ మంచి కబురు," అన్నాను. "ఇసుకమేట ఖాళీ అయింది. ఆఖరి పడవ కూడా దాటింది. పురిటి అమ్మాయిని జాగ్రత్తగా షెల్టరుకి చేర్చారు. సెట్టు మరమ్మతులో ఉండి మీకు వినిపించలేదు గానీ, ఇప్పుడే మా అన్నయ్య నూకరాజు నాతో చెప్పాడు. ఇక మీ మాట మీరు నిశ్చింతగా చెప్పొచ్చు."

తెర మీద అంకెలు కదిలాయి. వెయ్యి. మూడు వేలు. ఏడు వేలు. జనం ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వాళ్ళకి కావలసింది ఒక్కటే, తమ చేత్తో ఎవర్నీ చంపడం లేదని తెలియడం. మూడింటికి అయిదు నిమిషాలుందనగా పదివేల అయిదొందలు దాటింది. ఎనిమిది తలుపులూ ఒక్కసారే లేచాయి.

అరగంటలో వలసమెరక దగ్గర నీళ్ళు మూరెడు తగ్గాయి. ఇమ్మానుయేలు గట్టు మీద బురదలో కూర్చుని ఏడ్చాడట. కంట్రోలు రూములో చప్పట్లు కొట్టారు. ఋత్విజ గారు నన్ను వాటేసుకుంది. నేను ఇసుకమేట సెట్టు మళ్ళీ కలిపాను. పలకలేదు. మళ్ళీ మళ్ళీ పిలిచాను. ఆ సెట్టులోంచి గాలి చప్పుడు కూడా రాలేదు.

ముప్పై ఒక్కమందిలో పదమూడుమంది దొరికారు, సరుగుడు చెట్లు పట్టుకుని. పద్ధెనిమిదిమంది పోయారు. చక్రం కూతురు పోయింది. కడుపులో బిడ్డ పోయింది, ఆ బిడ్డని ఏ లెక్కలోనూ రాయలేదు. అన్నయ్య మూడో రోజున తేలాడు.

జనం నన్ను ఒక్క మాట అనలేదు. అంతకంటే ఘోరం జరిగింది. 'ఊరు ఖాళీ కాకుండానే అయిందని చెప్పాడట ఆ లస్కరు. ఇదివరకు నీళ్ళు దొంగిలించినవాడేగా!' అని సమ్మతి నిండా రాశారు. 'పాపం మేడం, సొంత అన్న మాట నమ్మి మోసపోయింది' అన్నారు. పద్నాలుగు ఊళ్ళ డ్రెయిన్ల మీదా నన్నే పెద్దగా పెట్టాలని ఎవరో ప్రశ్న వేస్తే పదిహేడు వేలమంది ఒప్పుకున్నారు. పదిహేడు వేలూ చెల్లాయి. ఏ బలవంతమూ లేని, స్వచ్ఛమైన మాటలు. నేను కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు. అయిదు రోజులు నోరు మూసుకుని, పెట్టింది తిని, కుర్చీలో కూర్చున్నాను. అన్నయ్యని బతికుండగా ఒకసారి, చచ్చాక ఒకసారి నేనే దొంగని చేశాను. అది తెలిసి కూడా కూర్చున్నాను.

ఆరో రోజు పొద్దున పదకొండు గంటలకి వదిన కంట్రోలు రూముకి వచ్చింది. వదిన పేరు మంగతాయారు. మోచేతి నుంచి వేళ్ళదాకా కట్టు ఉంది. ఆమెని ఎవరూ ఆపలేదు. ఆ గదిలోకి ఎవరైనా రావచ్చు, అక్కడ మాట్లాడింది అందరికీ వినిపిస్తుంది. వచ్చి నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది.

"ఎవరికీ జవాబు సెప్పలేకపోతన్నానమ్మా. పాలు పోసేవోడు కూడా మొహం తిప్పుకుంటన్నాడు," అంది. "ఒక్క మాట అడుగుదావని వచ్చేను. మీ అన్నయ్య నీతో ఎప్పుడు సెప్పేరు, అందరూ దాటేసేరని? నేను పక్కనే ఉన్నాను. నువ్వు గంటన్నాక మళ్ళీ సెట్టు పలకనే లేదు. ఆయన కొట్టి కొట్టి సూసేరు."

ఋత్విజ గారు తలెత్తి నా వైపు చూసింది. ఇమ్మానుయేలు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మైకు తెరిచే ఉంది. నా పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. దాన్ని మార్చాలని నాకిక లేదు.

"అన్నయ్య చెప్పలేదు వదినా," అన్నాను. "సెట్టు నేనే ఆపేశాను. దాటేశారని నేనే అబద్ధం చెప్పాను. గట్టు నలభై నిమిషాల్లో తెగుతుందన్నారు. నిజం చెప్తే జనం భయపడతారని, తలుపులు లేవవని అలా చేశాను. అన్నయ్య దొంగ కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. అంతా నేనే."

తెర మీద ఏమేం పడుతున్నాయో నేను చూడలేదు. వదిన ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని రెండో చేతి వేళ్ళు మడుస్తూ లెక్కేసుకుంది, ఎక్కడో సరిగ్గా పడనట్టు.

"నీళ్ళ హోరు ఇనబడితే తలుపులెత్తేసేరు, లెగండని అందరం అరిసేం," అంది. "ఆయన ఒప్పుకోలేదు. అది సముద్రం పోటే, తలుపులు కాదు, మా చెల్లి గంటిచ్చిందన్నారు. అందర్నీ కూకోబెట్టేరు."

"నలభై నిమిషాలన్నారా?" అంది వదిన మళ్ళీ. "ఆ మాటే సెప్పుంటే సరిపోయేది కదే వేణీ. పడవ రేవులోనే ఉంది. మంచంతో సహా ఆ పిల్లనెత్తుకుని, రెండు తిప్పల్లో అందరం దాటేసేవోళ్ళం. పావుగంట పట్టేది. దాటేసేం, ఎత్తుకోమని ఆయనే సెట్టులో సెప్పేవోరు."